మూఢానికి ముందు పెట్టిన బట్టలు

"బట్టలెట్టీసేరు కదా అమ్మగోరూ! ఇంకేటుంది?"

ఈ మాట నాతో అన్న మనిషి ఇప్పటికీ బజారులో ఎదురుపడితే నేను తల తిప్పుకుంటాను. ఆయనా తిప్పుకుంటాడు. ఇన్నేళ్ళలో ఇద్దరికీ మెడలు నొప్పి పుట్టాయి గాని మాట మాత్రం కలవలేదు. పాత గొడవల గురించి చెప్పేవాళ్ళు "ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది" అంటారు. నాకు రాదు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మంట కొంత ఆయన మీద, కొంత నా మీద.

తొంభైల చివరి మాట. నర్సీపట్నంలో మాది పెంకుటిల్లు. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. నేను ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. మాతో మా అత్త ఉండేది. అత్త అంటే నాకు సొంత మేనత్త, మా నాన్నకి అక్క. కోటవురట్ల పక్క పల్లెలో చెరకు తోటల్లో ఎండనకా వాననకా పనిచేసిన మనిషి. ఒకళ్ళని మంచినీళ్ళు కూడా అడిగి పుచ్చుకునేది కాదు. అలాంటిది, ఒక వానాకాలం మా పెరట్లోనే పాచి మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. విశాఖపట్నం తీసుకెళ్ళి రాడ్డు వేయించాం. చేతికర్ర పట్టుకుని గదిలో నాలుగడుగులు వేసేది. అంతకుమించి లేదు.

మా స్నానాల గది పెరటి చివర ఉండేది. మూడు మెట్లు దిగి, బావి పక్క నుంచి నడిచి వెళ్ళాలి. అది ఆవిడ వల్ల కాదు. అందుకని వెనక వరండాలో ఒక పీట వేసి, చుట్టూ పాత చీర కట్టి, రోజూ నేనే ఆవిడకి నీళ్ళు పోసేదాన్ని. పోసినంతసేపూ కళ్ళు మూసుకుని కూర్చునేది. ఒక రోజు కళ్ళు తెరవకుండానే అంది: "పీనుక్కి పోసినట్టు పోస్తన్నావే నాకు."

మిగిలిన నీళ్ళు బకెట్టులోనే వదిలేసి తువ్వాలు అందించాను.

ఆ సాయంత్రమే మా ఆయనతో అన్నాను, వరండా మూలని గోడ కట్టించి అత్త గదిలోకే తలుపు పెట్టి స్నానాల గది చేయిద్దామని. గుమ్మం ఎత్తుగా లేకుండా, కర్రతో నాలుగడుగులు వేస్తే చేరేట్టు. ఆయన సరేనన్నారు. అత్తని అడిగితే ఆవిడ కోరింది ఒకటే. "తలుపుకి లోపల్నించి గడియెట్టించండి. గడియేసుకుని నా తానం నేను సేసుకుంటాను. ఇంకేటీ వద్దు నాకు."

అదీ సంగతి. మొత్తం ఈ గొడవంతా ఒక గడియ కోసం.

మేస్త్రి మా ఆయన స్నేహితుడు చెప్పిన మనిషి. మాట తీరు బాగుండేది. వచ్చిన రోజు అత్త మంచం పక్కన కూర్చుని, "మామ్మగోరూ, మీకు కాలు నొప్పెట్టకుండా నేను సేసెడతాను గదా, మీకెందుకూ" అన్నాడు. అత్త పడిపోయింది ఆ మాటకి. నేను కూడా పడ్డాను, అబద్ధమెందుకు. గోడలు చకచకా లేపాడు. పైన రేకులు వేశాడు. అంతలో ఆయనకి కోటవురట్లలో ఎవరిదో శ్లాబు పని వచ్చింది. అక్కడ సగం రోజు, ఇక్కడ సగం రోజు. కింద టైల్సు పరిచిన రోజు నేను మిషను మీదే ఉన్నాను. పొద్దున్న మొదలైన తాపీ చప్పుడు పన్నెండింటికల్లా ఆగిపోయింది. 'అప్పుడే అయిపోయిందా' అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను. లేచి వెళ్ళి చూస్తే నా సొమ్మేం పోయేది?

సరిగ్గా అప్పుడే పంతులుగారు వచ్చి, ఆదివారం నుంచి మూఢం పడుతుందన్నారు. మూఢం పడితే ఇక నెలల తరబడి మంచిరోజు ఉండదు. పాలు పొంగించాలన్నా, కొత్త గదిలో కాలు పెట్టాలన్నా శుక్రవారం లోపలే కానిచ్చేయాలి. మేస్త్రి కూడా "అవునమ్మగోరూ, శుక్కురారం మంచిది, సేసేయండి. కానీ టైల్సు మద్దెన తెల్లసిమెంటు ఆరాల. నాలుగ్రోజులు నీళ్ళు తగలనియ్యకండి" అన్నాడు. మేమూ బుద్ధిగా తగలనివ్వలేదు. శుక్రవారం పాలు పొంగించాం. కొత్త గది గుమ్మానికి పసుపు రాసి బొట్లు పెట్టాం. మేస్త్రినీ ఆయన పెళ్ళాన్నీ పీటల మీద కూర్చోబెట్టి బట్టలు పెట్టాం. ఆయనకి పంచె, చొక్కా గుడ్డ, తువ్వాలు. ఆవిడకి చీర, జాకెట్టు ముక్క. జాకెట్టు ముక్క నేనే ఏరికోరి తెచ్చాను, చిలకాకుపచ్చ మీద సన్న జరీ చుక్కలు. ఆవిడకి బొట్టు పెట్టి నేనే చేతిలో పెట్టాను.

మా వైపు ఇల్లు కట్టిన మేస్త్రికి బట్టలు పెట్టడమంటే, నీ పని మాకు నచ్చింది, నీకూ మాకూ సరిపోయింది అని అర్థం. ఇది కాగితం మీద రాయరు గాని ఊళ్ళో పిల్లల దగ్గర్నుంచీ అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసీ, ఒక్క చెంబుడు నీళ్ళు పోసి చూడకుండా బట్టలు పెట్టేశాను. నన్ను ఏ చెప్పుతో కొట్టుకోవాలి?

మంగళవారం అత్త స్నానం. పొద్దున్నే సున్నిపిండి కలుపుకుంది. వేణ్ణీళ్ళ బకెట్టు, స్టూలు లోపల పెట్టి వచ్చాను. కర్ర పట్టుకుని వెళ్ళింది. తలుపేసుకుంది. గడియ ఖటక్కుమని పడింది. నేను తలుపు దగ్గరే నిలబడ్డానని ఆవిడకి ఎలా తెలిసిందో, లోపల్నించి కేకేసింది: "ఇంకా అక్కడే ఉన్నావేటే? ఎల్లు, నీ జాకెట్లు కుట్టుకో!"

ఆ గొంతులో ఎంత సంబరం! తుంటి విరిగాక ఆ గొంతు వినడం అదే మొదలు. నవ్వుకుంటూ వచ్చి మిషను ముందు కూర్చున్నాను.

కాసేపటికి నా కాళ్ళు తడిశాయి. కిందికి చూస్తే సబ్బు నురగతో నీళ్ళు. అత్త గది దాటి, గుమ్మం దాటి, ముందు గదిలో నా మిషను పెడలు కిందికి వచ్చాయి. తూము ఉన్నది ఆ మూల, నీళ్ళు వస్తున్నది ఈ వైపు. నేను లేచేలోపే అత్త అరుపు వినిపించింది.

నీళ్ళన్నీ తూముకి పోకుండా తలుపు వైపు వచ్చి నిలబడ్డాయి. ఆవిడ లేచి తలుపు తీద్దామని అడుగేస్తే సబ్బు నీళ్ళలో కాలు జారింది. కుళాయి పట్టుకుని కింద కూలబడింది. గడియ అందదు. లేవలేదు. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. నేను తోస్తే తలుపు కదల్లేదు. చివరికి పక్కింటి మగాళ్ళిద్దరు వచ్చి భుజాలతో గుద్ది గడియ ఊడగొట్టారు. తలుపు సందు కాగానే నేను ముందు చీర విసిరాను. అది సరిగ్గా పడలేదు.

ఎముకకేమీ కాలేదు. కానీ అత్త రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ మగాళ్ళు అత్త పల్లె నుంచే వచ్చినవాళ్ళు, నాకు తమ్ముళ్ళ వరస, ఆవిడ ఎత్తుకుని పెంచిన పిల్లలు. వాళ్ళు తర్వాత ఇంటికి వస్తే గోడ వైపు తిరిగి పడుకునేది. మా ఆయన ఊడిన గడియని తీసి గూట్లో పెట్టారు. "ముందు ఆ పల్లం సరిచేయించు. అప్పుడు బిగిస్తాను" అన్నారు. మళ్ళీ వెనక వరండా, మళ్ళీ పీట, మళ్ళీ పాత చీర. ఆవిడ మళ్ళీ కళ్ళు మూసుకోవడం.

నేను ఆ స్నానాల గదిలో కూర్చుని ఒక దారం రీలు టైల్సు మీద వదిలాను. అది తూము వైపు చూడనన్నా చూడలేదు. పెళ్ళివారింటికి పిలిచినట్టు గిరగిరా దొర్లుకుంటూ తలుపు దగ్గరకి వచ్చింది. ఏ మూల పెట్టినా అంతే. తూము ఎత్తులో ఉంది, తలుపు పల్లంలో ఉంది. ఇంత చిన్న గదిలో వాటం చూసుకోలేని మనిషి మేస్త్రి ఎలా అయ్యాడో!

మర్నాడు కోటవురట్ల బస్సెక్కి శ్లాబు పని దగ్గరకి వెళ్ళాను. ఆయన పరంజా మీద ఉన్నాడు. దిగలేదు. పైనుంచే మాట్లాడాడు.

"కొత్త గచ్చు కదమ్మగోరూ, నాలుగ్రోజులు పోతే సర్దుకుంటాది."

"గచ్చు సర్దుకోడమేటి మేస్త్రీ? అదేమైనా కొత్త కోడలా? నీళ్ళు తలుపు వైపొస్తన్నాయి. మా అత్త పడిపోయింది."

"మామ్మగోరు పెద్దోరు కదా, కాలు జారుంటాది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కన ఇసక మోస్తున్న ఆడవాళ్ళంతా ఆగి చూస్తుంటే, ఆ పరంజా కింద నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ తిట్లు ఇక్కడ రాయను. మా నాన్న బతికుంటే నోరు కడిగించేవాడు. మేస్త్రి ఒక్కటీ పట్టించుకోలేదు. "ఒస్తాను, ఒస్తాను, బేగి ఒచ్చి సూస్తాను" అని మళ్ళీ తాపీ అందుకున్నాడు.

ఆ 'బేగి' రావడానికి మూడు వారాలు పట్టింది. వచ్చి ఏం చేశాడు? తలుపుకి అడ్డంగా నాలుగు వేళ్ళ ఎత్తున సిమెంటు కట్ట పోశాడు, మడికి గట్టు వేసినట్టు. "ఇంక సుక్క బయటికి రాదు" అన్నాడు. నిజమే, రాలేదు. నీళ్ళు గదిలోనే చెరువులా నిలబడ్డాయి. అత్త ఆ కట్ట దాటి కాలు ఎత్తి వెయ్యలేదు. ఏ కాలు కోసం గది కట్టించామో ఆ కాలికే అడ్డం కట్టాడు మహానుభావుడు!

అప్పుడు మళ్ళీ కబురు పెడితే రాలేదు. మూడోసారి నేనే కాపు కాసి టీ కొట్టు దగ్గర పట్టుకున్నాను. టైల్సు పీకి వాటం సరిచేసి మళ్ళీ వెయ్యమన్నాను. అప్పుడన్నాడు ఆ మాట. టీ గ్లాసు కింద పెట్టి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, చాలా మర్యాదగా:

"బట్టలెట్టీసేరు కదా అమ్మగోరూ! ఇంకేటుంది? పని నచ్చితేనే కదా ఎట్టేరు. నచ్చనేదంటే ఆవేళే సెప్పాల."

"ఆవేళ నీళ్ళు పొయ్యొద్దన్నది ఎవరు? నువ్వు కాదేటి?"

"నీళ్ళు పొయ్యొద్దన్నాను. బట్టలెట్టమన్నానేటి?"

వాదనలో ఓడిపోవడం నాకు అలవాటు లేదు. ఆ టీ కొట్టు దగ్గర ఓడిపోయాను.

అయినా వదలదల్చుకోలేదు. సిమెంటు కొట్టు బల్ల మీద ఒక పెద్దమేస్త్రిగారు కూర్చునేవారు. వయసైపోయి పని మానేశారు గాని ఊళ్ళో సగం మేస్త్రులు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే, మా మేస్త్రితో సహా. వాళ్ళలో వాళ్ళకి తగువొస్తే ఆయన మాటే మాట. మా ఆయన "ఎందుకే ఇదంతా, ఊరుకోవే" అంటున్నా వినకుండా వెళ్ళి మొత్తం చెప్పాను. దారం రీలు కూడా చూపించాను. పెద్దమేస్త్రిగారు అంతా విని, చుట్ట పక్కన పెట్టి అడిగారు:

"నీళ్ళు పోసి సూసేక బట్టలెట్టేరా తల్లీ, బట్టలెట్టేక నీళ్ళు పోసేరా?"

"మూఢం వచ్చేస్తుందన్నారండీ..."

"మూఢం ఆకాశంలో ఉంటాది. పల్లం గచ్చులో ఉంటాది. రెండో దాన్ని ఒగ్గీసి మొదటి దాన్ని సూసుకున్నారు. ఆడు సేసింది తప్పే. తాపీ పట్టినోడు అలాటి పని సెయ్యకూడదు. కానీ బట్టలెట్టిన పనికి మల్లీ రమ్మని నేను ఆడికి సెప్పలేను. అలా సెప్తే రేపు పదేళ్ళనాటి ఇళ్ళకి కూడా పిలుస్తారు."

బల్ల మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. నేను రీలు సంచిలో వేసుకుని వచ్చేశాను. దారి పొడుగునా నాలో నేనే తిట్టుకుంటూ నడిచాను. మేస్త్రిని, పెద్దమేస్త్రిని, పంతుల్ని, మూఢాన్ని, ఎవర్నీ వదల్లేదు.

మూఢం వెళ్ళింది. పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. నా మిషనుకి తీరిక లేదు. ఒక రోజు గుమ్మంలో మేస్త్రి పెళ్ళాం నిలబడింది. చేతిలో ప్లాస్టిక్ కవరు.

"అక్కా, నక్కపల్లిలో మా తమ్ముడి పెల్లి. జాకెట్టు కుట్టించాల. నీ సెయ్యి మంచిదంటారు."

కవరు విప్పాను. చిలకాకుపచ్చ, మీద సన్న జరీ చుక్కలు. నేను పెట్టిన ముక్కే.

ఆవిడకి గొడవంతా తెలుసో లేదో నాకు తెలియదు. మొహం చూస్తే తెలియనట్టే ఉంది. ఇంట్లో ఆడవాళ్ళకి చెప్పే మగాడైతేగా! కొలతకి ఆది జాకెట్టు తీసుకున్నాను. మంచినీళ్ళిచ్చాను. తమ్ముడి పెళ్ళికూతురు ఏ ఊరో అడిగాను. అన్నీ సక్రమంగా చేశాను. ఆవిడ వెళ్ళాక కత్తెర పట్టుకుని కూర్చుని, చంక దగ్గర ముప్పాతిక అంగుళం తక్కువగా కత్తిరించాను. చెయ్యి కిందికి ఉన్నంతసేపు చక్కగా కుదురుతుంది, పైకెత్తితే పట్టేస్తుంది. తర్వాత విప్పి వదులు చేసుకోవడానికి లోపల గుడ్డ కూడా వదల్లేదు. నేను అంత శ్రద్ధగా కుట్టిన జాకెట్టు ఇంకోటి లేదు. తప్పు కుట్టడానికి కూడా పనితనం కావాలి. ఆ మనిషికి లేనిది నాకుంది కదా అని ఆ క్షణాన పొంగిపోయాను కూడా.

పెళ్ళి నుంచి వచ్చి ఐదో రోజు ఆవిడ వచ్చింది. అదే కవరు. చంక దగ్గర చిరిగిపోయింది. నేను ఎదురుచూస్తున్నదే. మాట సిద్ధంగా ఉంది.

"పట్టుకెళ్ళేటప్పుడు చూసుకోవాలి కదమ్మా. కూలి ఇచ్చి పట్టుకెళ్ళిపోయావంటే నచ్చినట్టే కదా? ఇంకేటుంది?"

ఆవిడ గొడవ పడుతుందనుకున్నాను. మొగుడి దగ్గరకి వెళ్ళి చెబుతుందని, ఆయనకి అర్థమై ఒళ్ళు మండుతుందని ఎన్ని లెక్కలు వేసుకున్నానో! ఆవిడ గొడవ పడలేదు. జాకెట్టు కవర్లో పెట్టుకుంటూ, నాకే సంజాయిషీ చెబుతున్నట్టు అంది:

"సెయ్యి ఎత్తలేకపోనానక్కా. తాళి కట్టినప్పుడు తమ్ముడి నెత్తి మీద అచ్చింతలు ఎయ్యబోతే పర్రుమనీసింది. అందరూ సూసేరు. కొంగు కప్పుకుని ఎనక్కెళ్ళి కూకున్నాను. ఆడికి తోడబుట్టిన అప్పని నేనొక్కదాన్నే. అచ్చింతలు ఎయ్యలేకపోనాను."

వెళ్ళిపోయింది. నేను పెడలు మీద కాలు పెట్టాను గాని తొక్కలేదు.

లోపల్నించి అత్త పిలిచింది. మధ్యలో ఉన్నది ఒక గోడే, అన్నీ వినపడతాయి. వెళ్ళాను. ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది.

"కావాలనే సేసేవా?"

నేను పక్క దుప్పటి సర్దబోయాను.

"కావాలనే సేసేవు. నీ కుట్టు నాకు తెల్దేటి?" మళ్ళీ అంది: "ఆడు సేసింది నాకు తగిలింది. నువ్వు సేసింది దానికి తగిలింది. ఆడూ నువ్వూ సుబ్బరంగానే ఉన్నారు."

నన్ను జన్మలో ఎవరూ అంత దెబ్బ కొట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. పైట చాటున, నలుగురి మధ్య, ఒంటి మీది గుడ్డ మోసం చేస్తే వెనక్కెళ్ళి కూర్చున్న మనిషి. ఇవతల, తలుపు ఊడదీస్తుంటే ఒళ్ళు దాచుకోలేకపోయిన మనిషి. ఆ రెండోది చేసినవాణ్ణి ఊరంతా తిరిగి తిట్టిన నేను, ఆ మొదటిది చేశాను.

బట్టల కొట్టుకి వెళ్ళి అదే తానులోంచి ఇంకో ముక్క కోయించాను. మర్నాడు మధ్యాహ్నం దాకా వేరే పని ముట్టుకోకుండా కుట్టాను. లోపల రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ వదిలాను. పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మేస్త్రి అరుగు మీద కూర్చుని అన్నం తింటున్నాడు. నన్ను చూసి కంచం మీంచి చెయ్యి తీయలేదు.

"ఏటమ్మగోరూ, ఇలాగొచ్చేరు?"

"నీకోసం రాలేదు. మీ ఆవిడ జాకెట్టు పాడుచేశాను. మళ్ళీ కుట్టి తెచ్చాను."

"కూలి పుచ్చుకున్నాక మల్లీ కుట్టడమేటండి?" అన్నాడు. ఆ గొంతులో వెటకారం నాకు అర్థం కాకపోలేదు. అంటే పెళ్ళాం ఇంటికొచ్చి నా మాట చెప్పిందన్నమాట. ఆయనకి అది ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

"తప్పు కుట్టేను మేస్త్రీ. కావాలనే కుట్టేను. నీ మీద కోపం దాని మీద తీర్చుకున్నాను. అందుకని మళ్ళీ కుట్టేను. నా పనికి నేను మళ్ళీ వస్తాను. ఎవరు రమ్మన్నా, ఎవరు రావద్దన్నా వస్తాను."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకోలేదు. ఆవిడ లోపల్నించి అంతా వింటోంది. వచ్చి జాకెట్టు తీసుకుంది. మళ్ళీ లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చినప్పుడు ఆవిడ చేతిలో పంచె, చొక్కా గుడ్డ, తువ్వాలు ఉన్నాయి. కట్టిన దారం కూడా విప్పలేదు. తెచ్చి నా సంచిలో పెట్టేసింది.

మేస్త్రి లేచి నిలబడ్డాడు. "ఏయ్, ఏటి సేస్తన్నావు?"

"ఇంకా కుట్టించుకోనేదు కదా. ఇచ్చీసేను." మొగుడి వైపు తిరిగి చెప్పింది. "ఇప్పుడు నీకెవులూ బట్టలెట్టనేదు. ఆ మామ్మకి గచ్చు సేసిరా."

నేను ఇక అక్కడ నిలబడలేదు. ఆవిడకి ఆ సంగతి మొదటి నుంచీ తెలుసా? తెలిసే ఆ ముక్క నా దగ్గరకి తెచ్చిందా? నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు.

నాలుగో రోజు మేస్త్రి గునపం భుజాన వేసుకుని వచ్చాడు. గుమ్మంలో నన్ను చూసి, "మామ్మగోరున్నారా?" అన్నాడు. ఆ గదిలో తప్ప ఎక్కడుంటుంది? నేను పక్కకి జరిగాను. పని చేసిన మూడు రోజులూ ఆయన నాతో ఒక్క మాట ఆడలేదు. నేనూ ఆడలేదు. టీ పెట్టి ఇమ్మని అత్త అంటే, గ్లాసు ఆయన పక్కన కాకుండా అత్త కుర్చీ పక్కన పెట్టి వచ్చేదాన్ని. ఆయన కట్ట పగలగొట్టాడు. టైల్సన్నీ పీకాడు. మా అత్త గుమ్మం ఎదురుగా కుర్చీ వేయించుకుని, దారం రీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇసక సిమెంటు పరిచాక, టైలు పెట్టాక, ప్రతి వరసకీ రీలు అందించేది.

"ఏదీ, ఒగ్గు."

మొదటిసారి రీలు గోడ మూలకి పోయి ఆగింది. ఆయన పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ పీకాడు. రెండోసారి మధ్యలో తటపటాయించింది. మళ్ళీ పీకాడు. మూడోసారి తిన్నగా వెళ్ళి తూము జల్లెడకి తగిలి ఆగింది.

"సాలా మామ్మగోరూ?"

"సాల్దు. నీళ్ళు పోసినప్పుడు సెప్తాను."

ఈసారి ఏ పంతుల్నీ అడగలేదు. తెల్లసిమెంటు ఆరేదాకా ఆగాం. మా ఆయన గూట్లోంచి గడియ తీసి కొత్త మేకులతో బిగించారు. నీళ్ళు పోసే రోజు రమ్మని మేస్త్రికి కబురు పెట్టింది అత్తే. వచ్చాడు. నేను పళ్ళెంలో ఆయన బట్టలే మళ్ళీ సర్ది, తాంబూలం పెట్టి, పట్టుకుని నిలబడ్డాను. పెట్టాలని నాకేం ఉబలాటంగా లేదు. అత్త పట్టుకోమంది, పట్టుకున్నాను.

ఆవిడ కర్ర ఊతంతో లోపలికి వెళ్ళింది. తలుపేసుకుంది. గడియ ఖటక్కుమంది. లోపల చెంబు నీళ్ళలో మునిగిన చప్పుడు. బయట తలుపుకి ఇటు నేను, అటు ఆయన, ఇద్దరమూ కింద గుమ్మం సందు వైపే చూస్తున్నాం. ఒక చెంబు. రెండు. మూడు.

"ఒలే!" లోపల్నించి కేక. "ఇద్దరూ అక్కడే ఉన్నారేటి? సిగ్గునేదేటి మీకు? ఎల్లండక్కడికి! నేను తానం సేసుకుంటన్నాను!"

ఆయన వీధి అరుగు మీదికి వెళ్ళాడు. నేను పళ్ళెం బల్ల మీద పెట్టి మిషను ముందు కూర్చున్నాను. ఆవిడ చాలాసేపు పోసుకుంది. నేను ఊరికే పెడలు మీద కాళ్ళు పెట్టి కూర్చున్నాను. కాళ్ళు పొడిగానే ఉన్నాయి.

తలుపు తెరుచుకుంది. అత్త తన చీర తనే కట్టుకుని, తడి జుట్టు భుజం మీద వేసుకుని, కర్ర టకటకలాడించుకుంటూ ముందు గదిలోకి వచ్చింది. వీధి అరుగు మీదున్న మనిషిని లోపలికి పిలిచింది. నా వైపు తిరిగింది.

"ఇప్పుడెట్టవే బట్టలు."

పెట్టాను. ఆయన మొహం చూడకుండానే పెట్టాను.